స్థూలకాయము: దేశదేశముల లెక్కలు, మా యింటి లెక్క

జనగామలో మేము కాపురముండు వీధికి గత ఆషాఢమాసమున ఆశా కార్యకర్త వచ్చి, ముప్పది యేండ్లు నిండినవారినందరిని ప్రశ్నించి కాగితములు నింపుచుండెను. పొగాకు వాడుదురా, దినమునకెంతసేపు శ్రమపడుదురు, తల్లిదండ్రులలో నెవరికైన చక్కెరవ్యాధి గాని రక్తపుపోటు గాని కలదా యని యడిగిన పిమ్మట, ఆమె సంచిలోనుండి దర్జీల టేపు తీసి, "నడుము కొలువాలె అమ్మా" అనెను. మా యత్తగారు నవ్విరి. రవిక కుట్టించుకొనుటకు తప్ప తమ దేహమును టేపుతో కొలిచినవారు లేరనిరి.

కొలవగా అత్తగారి నడుము 94 సెంటీమీటర్లు, మాది 86. ఆ కాగితమున స్త్రీలకు 80 వరకు సున్న. 81 మొదలు 90 వరకు ఒక మార్కు. 90 దాటినచో రెండు. "మార్కులెక్కువ వస్తె మంచిది కాదమ్మా, ఇది సారు బడిల పరీక్ష కాదు" అని యామె మా వారి వృత్తి నెరిగి పరిహాసమాడెను. మరునాడు పరగడుపున ఆరోగ్యకేంద్రమునకు పోగా, రక్తములోని చక్కెర అత్తగారికి 104, మాకు 118 వచ్చినది. పరగడుపున 100 లోపల నుండవలెననియు, 126 నుండి వ్యాధి యనియు, నడుమనున్న మేము గట్టుమీద నిలిచినవారమనియు వైద్యురాలు చెప్పిరి. లావైన అత్తగారి చక్కెరకన్న మాది యెక్కువ యగుట మాకు వింతయయ్యెను. ఏలనన మమ్ము లావని ఇంతవరకెవ్వరును అన్నవారు లేరు. మా యెత్తు 152 సెంటీమీటర్లు, తూకము 57 కిలోలు. పెండ్లిండ్లలో మమ్ము చూచి, "ఇద్దరు పిల్లల తల్లివైనా నాజూకుగానే ఉన్నావు" అనెడి బంధువులే యెక్కువ.

ఆ రాత్రి మా వారు బడి గణితమును ఇంటికి తెచ్చిరి. తూకమును కిలోలలో వేసి, ఎత్తును మీటర్లలో హెచ్చవేసి, దానిచే భాగించినచో వచ్చు సంఖ్యకు బి.ఎం.ఐ. యని పేరు. ఈ గుణకారము పందొమ్మిదవ శతాబ్దమున బెల్జియము దేశపు గణితవేత్త క్వెటలే కనిపెట్టినది. ఆయన వైద్యుడు కాడు. సగటు మనుష్యుని లెక్క తేల్చుటకే దానిని చేసెను. ప్రపంచారోగ్య సంస్థవారు 25 దాటినచో అధికభారమనియు, 30 దాటినచో స్థూలకాయమనియు గీతలు గీచిరి. మాకు వచ్చినది 24.7. ప్రపంచపు గీత ప్రకారము మేము క్షేమముగా నున్నాము. కాని ఆసియా ఖండపు ప్రజలు ఇంతకంటె తక్కువ తూకముననే రోగములపాలగుచున్నారని 2004లో ఆ సంస్థ నిపుణులే చెప్పి, 23 నుండియే జాగ్రత్తపడవలెననిరి. మన దేశపు వైద్యులు 2009లో 23 దాటినచో అధికభారము, 25 దాటినచో స్థూలకాయము అని నిర్ణయించుకొనిరి. ఒక గీత ప్రకారము క్షేమము, మరియొక గీత ప్రకారము కాదు!

ఇట్లేల జరుగునో 2004లో ఒక వైద్యపత్రికలో అచ్చైన చిత్రమొకటి చక్కగా తెలుపును. పూనా వైద్యుడు యాజ్ఞిక్, ఇంగ్లండు వైద్యుడు యూడ్కిన్ ప్రక్కప్రక్కన నిలిచిరి. ఇరువురి బి.ఎం.ఐ. ఒక్కటే: 22.3. కొవ్వు మాత్రము ఇంగ్లండు వైద్యునిలో నూటికి 9.1 పాళ్లు, మన వైద్యునిలో 21.2 పాళ్లు. చూపునకు సన్ననివారు, లోపల లావైనవారు! మనవారి కొవ్వు చేతులలో, కాళ్లలో కంటె పొట్టలో, పేగుల చుట్టును, కాలేయముమీదను చేరును. అచ్చటి కొవ్వే చక్కెరవ్యాధికి దారితీయునది. తూకపు యంత్రము దీనిని చూపజాలదు. దర్జీ టేపు చూపగలదు.

ఇక దేశదేశముల సంగతి. 2022 నాటి లెక్కలనుబట్టి ప్రపంచమున స్థూలకాయులు, పిల్లలు పెద్దలు కలిసి, 100 కోట్లు దాటిరి. ఎవరు మొదటివారని మా పిల్లల నడుగగా అమెరికా యనిరి. అమెరికాలో పెద్దవారు నూటికి 40 మంది స్థూలకాయులే కాని, అగ్రస్థానము వారిది కాదు. పసిఫిక్ మహాసముద్రమున చుక్కలవలె నుండు టోంగా, నౌరు వంటి ద్వీపములలో పెద్దవారు నూటికి 60 మందికి పైగా స్థూలకాయులు. పిల్లలు అట్లాసులో నౌరును వెదకి వెదకి కానలేకపోయిరి. అది మొత్తము 21 చదరపు కిలోమీటర్లు.

మేము ఈ ద్వీపముల కథ యొద్ద చాలసేపు ఆగితిమి. వీరు తిండిపోతులై ఇట్లైనవారు కారు. చేపలు పట్టుకొని, కందమూలములు, కొబ్బరి, పనస జాతి కాయలు తిని బ్రతికినవారు. నౌరు నేలలోని ఫాస్ఫేటును ఇరువదవ శతాబ్దమంతయు పరదేశీయులు త్రవ్వి తమ పొలముల యెరువునకై కొనిపోయిరి. త్రవ్విన నేల పంటకు పనికిరాదయ్యెను. పిమ్మట తెల్లబియ్యము, పిండి, చక్కెర, డబ్బామాంసము ఓడలలో వచ్చినవి. న్యూజిలాండు, ఆస్ట్రేలియా దేశములవారు తాము తినని గొఱ్ఱె పొట్టభాగపు కొవ్వుమాంసమును ఈ ద్వీపములలో చౌకగా విక్రయించుచుండగా, ఫిజీ ప్రభుత్వము 2000లో దానిని నిషేధించినది. తినెడివాని నోరు ఒక్కటే దోషి యనుట యెంత తప్పో ఈ కథ చెప్పుచున్నది.

జపాను దేశమున స్థూలకాయులు నూటికి ఐదుగురి దరిదాపున నున్నారు. అచ్చట 1954 నుండి బడి భోజనమునకు చట్టము కలదు; పిల్లలే వడ్డించుకొని, చేప, కూర, గంజి యేమైనను గురువులతో కూడి తిందురు. 2008 నుండి 40 ఏండ్లు మొదలు 74 ఏండ్ల వరకు గలవారికి ఏటేట నడుము కొలుచుట చట్టమే. జపానువారును వరియన్నము తినువారే కదా యని మా యత్తగారు వెంటనే అడిగిరి. ఆ ప్రశ్నను మరల నెత్తుకొందుము.

మన దేశమున స్త్రీలలో స్థూలకాయము (30 గీత దాటినవారు) 1990లో నూటికి 1.2 గా నుండి 2022 నాటికి 9.8 అయ్యెను. పురుషులలో 0.5 నుండి 5.4. మన తెలంగాణమున 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వేవారు ఇంటింట తూచి చూడగా, 15 మొదలు 49 ఏండ్ల లోపలి స్త్రీలలో 25 గీత దాటినవారు నూటికి 30.1, పురుషులలో 32.3. పురుషులు నాలుగైదేండ్లకు ముందటి సర్వేలో 24.2 మాత్రమే యుండిరి. వారి సంగతి వారి పత్రికలు చూచుకొనుగాక! అదే సర్వేలో మన స్త్రీలు నూటికి 18.8 మంది ఉండవలసిన తూకముకంటె తక్కువ తూగిరి. నూటికి 57.6 మందికి రక్తహీనత. ఒకే రాష్ట్రమున, ఒకే తీరు బియ్యము తిను ఇండ్లలో ఒకరు చిక్కిపోవుటయు, ఒకరు ఊరిపోవుటయు ఎట్లు సంభవించుచున్నది? ఇది పుస్తకములలో వెదకుటకు ముందే మా కుటుంబమున మాకు కనబడినది.

మా పుట్టినిల్లు మహబూబాబాదు సమీపమున ఒక గ్రామము. ఆ పట్టణమును మా వైపు పెద్దలు నేటికిని మానుకోట యనియే యందురు. మా యమ్మ అచ్చటనే యున్నది. పుష్యమాసము మొదలు మిరపచేనిలో ఎఱ్ఱకాయ ఏరుచు నడుము వంచిన దినములు ఆమెకు లెక్కలేదు. తూకము 41 కిలోలు. ఎత్తు 150 సెంటీమీటర్లు. బి.ఎం.ఐ. 18.2, రక్తహీనత. మా చెల్లెలు భూపాలపల్లిలో సింగరేణి గని కార్మికుని భార్య. కంపెనీ క్వార్టరులో కాపురము. ఎత్తు 154, తూకము 78. బి.ఎం.ఐ. 32.9. ఒకే కంచమున తిని పెరిగిన అక్కచెల్లెండ్రము!

ఇచ్చట మా తప్పొకటి చెప్పక తప్పదు. మూడేండ్ల క్రిందట పుట్టింటిలో సద్దుల బతుకమ్మనాడు చెల్లెలు వలయములో తిరుగుచు రొప్పుచుండగా, చిన్నమ్మ యొకతె, "గని బొగ్గంతా నువ్వే తింటున్నవా యేమి" అనెను. అందరును నవ్విరి. మేమును నవ్వితిమి. అంతటితో నూరకుండక, "నోరు కట్టుకోవే" అని అక్కరికపు సలహా కూడ నిచ్చితిమి. తరువాతి రెండు బతుకమ్మలకు ఆమె రాలేదు. మరిదిగారికి షిఫ్టు కుదరలేదని కబురు పంపినది. మేమును షిఫ్టే యనుకొంటిమి.

మాకు 118 వచ్చిన తరువాతనే భూపాలపల్లికి పోవలెనను బుద్ధి పుట్టినది. హనుమకొండ, పరకాల మీదుగా బస్సులో పోయి నాలుగు దినములుంటిమి. చెల్లెలు తిండిపోతు కాదని మొదటి దినముననే తెలిసికొంటిమి. మరిదిగారికి ఒక వారము ఉదయపు షిఫ్టు, ఒక వారము రెండవ షిఫ్టు, ఒక వారము రాత్రి షిఫ్టు. రెండవ షిఫ్టు వారమున ఆయన ఇల్లు చేరునప్పటికి అర్ధరాత్రి. ఆయనకు వేడిగా వండిపెట్టి, ఒక్కరే తిననీయక తానును కూర్చుండి తినును. తెల్లవారకముందే లేచి పిల్లలకు బడి డబ్బాలు. పిల్లలు విడిచినది పారవేయ మనసొప్పక తానే తినును. పగలు నిదుర. రెండు కాన్పులును ఆపరేషనులే. అటుపిమ్మట బరువు ఎత్తవద్దన్నవారే గాని, ఎన్నినాళ్లకు ఎత్తవచ్చునో చెప్పినవారు లేరు. నీరు కొళాయిలో వచ్చును, పిండి గిర్నీలో పట్టబడును, బట్టలు యంత్రము నుతుకును. ఇవి మేలు కావనుటకు మాకు నోరు రాదు. మా యమ్మ నడుమును చూచినవారము.

అక్కచెల్లెండ్ర యీ తేడాను వైద్యులును కొలిచిచూచిరి. లక్నో, నాగపూరు, హైదరాబాదు, బెంగుళూరు కర్మాగారములలో పనికి కుదిరి పట్టణవాసులైనవారిని, వారి భార్యలను, పల్లెలోనే నిలిచిన వారి తోబుట్టువులను పిలిచి పరీక్షించి 2010లో ఫలితములను ప్రకటించిరి. పురుషులలో, పల్లెలోని తోబుట్టువులలో స్థూలకాయులు నూటికి 19. పల్లె విడిచి వచ్చినవారిలో 37.8, పట్టణముననే పుట్టినవారిలో 41.9. చక్కెరవ్యాధి పల్లెవారిలో 6.2 గా నుండగా, వలసవచ్చినవారిలో 14.3. స్త్రీలలోను ఇదే తీరు. తల్లి ఒక్కతె, రక్తమొక్కటి. మారినది పని, పళ్లెము, నిదుర. ఈ సంగతి చెల్లెలికి చెప్పినప్పుడు ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అయితే నాది నోటి తప్పు కాదా అక్కా" అని యడిగెను. మేము చేతనైనంతలో క్షమాపణ చెప్పుకొంటిమి.

మా తాతగారు నాటువైద్యులు. చిన్ననాడు మాకు సంస్కృతపు శ్లోకములు ఆయనయే నేర్పిరి. ఆయన పెట్టెలోని చరకసంహిత నేడు మా యొద్ద నున్నది. సూత్రస్థానము ఇరువదియొకటవ అధ్యాయమున అతిస్థూలుని, అతికృశుని ఇరువురను చికిత్స చేయవలసినవారినిగా చరకుడు ఒకచోటనే చేర్చెను. కారణములుగా మితిమీరిన భోజనము, గురువైన, తీయనైన, జిడ్డైన ఆహారము, శ్రమ లేమి, పగటి నిదుర, తల్లిదండ్రుల బీజము అని చెప్పుచు, చింత లేకుండుటను, నిత్యసంతోషమును గూడ చేర్చెను. ఈ తుదిమాటను మేమొప్పుకొనజాలము. గనిలోనికి దిగిన మగనికై అర్ధరాత్రి మేల్కొని యుండు ఇల్లాలికి చింత లేదని యెవరనగలరు? స్థూలత్వముకన్న కృశత్వమే మేలన్నమాటయు అట్టిదే. మా యమ్మను చూచిన యెడల ఆయన అట్లనియుండడు.

కాని అదే అధ్యాయమున స్థూలునికి పథ్యముగా చెప్పిన ధాన్యముల వరుస చదివి నివ్వెరపోతిమి. యవలు, శ్యామాకము, కోద్రవము, జూర్ణము, పెసలు, ఉలవలు! కోద్రవమన ఆరికలు. జూర్ణమన జొన్న. తాతగారి పెట్టెలోని పుస్తకము పథ్యమని చెప్పినది తాతగారి యింటిలో దినభోజనమే. మా చిన్ననాడు ఇంట ఉదయము అంబలి, మధ్యాహ్నము జొన్నగట్క, పచ్చిపులుసు. వరియన్నము పండుగకు, చుట్టము వచ్చిననాటికి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినపుడు పేదయిండ్లు అన్నము మొగము చూచెను. దానిని నిందించువాడు ఆకలి యెరుగనివాడు. పిమ్మట బోరుబావులు, కాలువనీరు వచ్చి జొన్నచేలు వరిమళ్లయ్యెను. 2025 వసంతము నుండి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యము ఉచితముగా వచ్చుచున్నది. జొన్న గింజ మాత్రము కొనుక్కొనవలసినదయ్యెను. పేదవారి కూడు నేడు ధనికుల యంగడిలో పొట్లము!

అత్తగారి ప్రశ్న యిక్కడనే. జపానువారును అన్నమే తిందురు. కాని చిన్న గిన్నెలో, చేపతో, కూరతో, పులియబెట్టిన సోయాతో. మన పళ్లెమున అన్నపుగుట్ట నడుమ పప్పు కొలనువలె నుండును. నెయ్యో నూనెయో వేసిన పచ్చడి తోడుండిన, గుట్ట తెలియకుండనే కరగును. అందును ఇల్లాలు కడపట తినును. అప్పటికి కూర అడుగంటి, గ్రుడ్లు పిల్లలకు పోయి, మిగిలినది అన్నము, చారు. మా యమ్మ చిక్కుటకును, చెల్లెలు ఊరుటకును ఈ కడపటి పంక్తియే మూలమని మాకు తోచుచున్నది. చేనిలో దినమంతయు వంగిన దేహమునకు ఆ అన్నము చాలదు, రక్తము పట్టించదు. ఇంట నిలిచిన దేహమునకు అదే అన్నము పొట్టకొవ్వగును.

నూనె లెక్కయు వేసితిమి. మా యింట ఐదుగురము. నెలకు లీటరు పొట్లములు ఆరు. ఒక్కొక్కటి 910 గ్రాముల చొప్పున లెక్కింప, మనిషికి దినమునకు 36 గ్రాములు. కూర్చున్నపని యెక్కువగల స్త్రీకి 20 గ్రాములు చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలు చెప్పియున్నారు. గ్రాము నూనెకు 9 కెలోరీలు; అనగా మాకు దినమునకు 144 కెలోరీలు ఎక్కువ. మేము ఆరు పొట్లములను నాలుగు చేసితిమి. మొదటి వారము మా వారు వంకాయకూరను చూచి, దీనికి స్నానము మాత్రమే చేయించితివా యని యడిగిరి. రెండవ వారమున అలవాటుపడిరి.

బరువు దింపెడి పొడులు, నడుమునకు కట్టు పట్టీలు, పది దినములలో పది కిలోలను ప్రకటనలు మా చెల్లెలు చాల కొన్నది. రూపాయలే సన్నబడెను. 2025లో మన దేశపు అంగళ్లకు వచ్చిన సూదిమందులు నిజముగ ఆకలిని, తూకమును తగ్గించునవే. కాని అవి వైద్యుడు చూచి ఇయ్యవలసినవి, ఖరీదు మిక్కిలి, పొరుగింటివారు చెప్పిరని తీసికొనవలసినవి కావు.

మేము చేసినది స్వల్పము. మధ్యాహ్నము అన్నము సగము తగ్గించి గట్క. జొన్నయే కదా యని దానిని మేరుపర్వతముగా పోయుట కాదు; అదియు పిండిపదార్థమే. కూర, పప్పు ముందుగా నాలుగు గిన్నెలకు బదులు ఐదు గిన్నెలలో తీసి, మా గిన్నెను మూతపెట్టి వేరుగ నుంచుట. దీనికి అత్తగారు ఏమందురో యని భయపడితిమి. ఆమె మరునాడు తానే మూతపెట్టిరి. సాయంకాలము అత్తగారును మేమును స్టేషను వరకు నడిచి వచ్చుట. మూడు నెలలకు నడుము 86 నుండి 83 కు, పరగడుపు చక్కెర 118 నుండి 106 కు దిగినవి. తూకము ఒక్క కిలోయే తగ్గినది. తూకమునే నమ్మియున్న యెడల విసిగి మానియుందుము. అమ్మను రైలులో పిలిపించుకొని నెల దినములుంచుకొని, ఆకుకూర, గ్రుడ్డు, ఆరోగ్యకేంద్రపు ఇనుపమాత్రలు ఇప్పించితిమి. మునుపు మా పళ్లెమును చూచి బెంగపడునది, "నువ్వు తగ్గించుకొని నాకు పెడుతున్నవేందే" అని నవ్వినది.

ఈయేటి సద్దుల బతుకమ్మకు చెల్లెలు పుట్టింటికి వచ్చినది. వలయములో మూడు చుట్లు తిరిగి, అరుగుమీద కూర్చుండి, మరల లేచి రెండు చుట్లు తిరిగినది. చిన్నమ్మ నోరు తెరువబోగా, అమ్మ ఆమె చేతిలో సత్తుపిండి ముద్ద పెట్టినది. చెల్లెలి తూకము 75కు వచ్చినదట. మరిదిగారి రాత్రిభోజనమునకు తోడు కూర్చుండును గాని తాను ఏడు గంటలకే తినుచున్నదట.

నిన్న ఉదయము ఆమె ఫోను చేసి, "అక్కా, గట్కకు నీళ్లెన్ని పొయ్యాలె? అమ్మ చేసేది గుర్తులేదు" అని యడిగినది. జొన్నరవ్వ ఒక గ్లాసుకు నీరు నాలుగు గ్లాసులు. రవ్వను ముందు గంటసేపు నానవేసి, మరిగిన నీటిలో పోసి, ఉండకట్టకుండ తెడ్డుతో కలుపుచు, సన్నసెగమీద దగ్గరపడువరకు ఉడికించి, మూతపెట్టి కొంతసేపు విడువవలెనని చెప్పితిమి. భూపాలపల్లి అంగడిలో రవ్వ ముతకది దొరకదనగా, ఇక్కడి గిర్నీలో రెండు కిలోలు పట్టించి, హనుమకొండకు పోవుచున్న తెలిసినవారిచేత పంపితిమి.